మగ్గం గుంట మీద బాస్ డబ్బా

కొత్తకోటలో బెంగుళూరు రోడ్డు పక్కన, పంచర్ల షాపుకూ టీ హోటలుకూ నడుమ సుదర్శన్ దుకాణం. బోర్డు ఉంది గాని దాని మీది అక్షరాలు ఎప్పుడో వెలిసిపోయాయి. మళ్ళీ రాయించే అవసరం అతనికి రాలేదు. లారీలకూ ట్రాక్టర్లకూ పెళ్ళి బారాత్‌లకూ పాటల డబ్బాలు బిగించే మనిషి. ఒకటి పరీక్షకు మోగించాడంటే పక్క హోటల్లో గ్లాసులు వాటంతటవే జరుగుతాయి. హోటలువాడు మొదట్లో కొట్లాడాడు, తర్వాత అలవాటు పడ్డాడు.

ఆ రోజు అఫ్జల్ గద్వాల బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చాడు. అతనికి గద్వాలలో బోరు మోటార్ల వైండింగు దుకాణం ఉంది. పత్తి విత్తనం పండించే రైతులు కాలిపోయిన మోటార్లను ఆటోల్లో తెచ్చి అతని ముందు పడేసి, పొద్దుగూకేలోగా కావాలని అక్కడే కూర్చుంటారు. రాగితీగ వాసన, వార్నీషు వాసన అతని చొక్కాలను ఏ సబ్బు పెట్టినా వదలవని భార్య షాజియా సణుగుతుంటుంది. అట్లాంటి మనిషికి తీగచుట్టల సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. అయినా ఇంట్లో పెట్టుకున్న ఒక సబ్‌వూఫర్ బాస్ డబ్బా అతన్ని ఓడించింది. మీట చివరిదాకా తిప్పినా నేల కదలడం లేదని, పైగా మాడు వాసన వస్తోందని చెప్పుకున్నాడు.

సుదర్శన్ నవ్వాడు. "చిన్న ఆంప్లిఫయరు పెడితె స్పీకరు సల్లగుంటదనుకుంటరు భాయ్ అందరు. చిన్నదే చంపుతది. తాకత్ లేనోడు గొంతు చించుకుంటె ఏమైతది? మాట చిరుగుతది. గట్లనే శబ్దం చిరిగి కాయిల్ మాడుతది. పెద్దది పెట్టి మెల్లగ వాడాలె."

డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసిన వాట్లను నమ్మొద్దని కూడా అన్నాడు. అది రెప్పపాటు మోసే బరువట, రోజంతా ఎంత మోస్తుందో ఆ లెక్క అడగాలట. స్పీకరు ఎన్ని ఓమ్‌లదో చూడకుండా తగిలిస్తే ముందు ఆంప్లిఫయరే పోతుందట. అఫ్జల్ ఓపికగా అంతా విని, అయితే నీ దగ్గరున్న వాటిలో అన్నింటికంటే పెద్దది ఇయ్యి అన్నాడు.

"ఇంట్ల పెట్టుకుంటవా, జాతరల పెడ్తవా?" అని సుదర్శన్ ఎగతాళి చేశాడు.

"నా బిడ్డ కోసం," అన్నాడు అఫ్జల్. ఆ తర్వాత సంగతంతా చెప్పాడు.

అతని కూతురు ఉజ్మాకు పుట్టుకతోనే వినపడదు. హైదరాబాదులో పెద్ద దవాఖానాలన్నీ తిరిగారు. చెవిలో మిషను పెట్టినా లాభం లేదు, శబ్దాన్ని మోసుకుపోయే నరమే పెరగలేదు అని చెప్పి పంపించారు. షాజియా దర్గాలకు మొక్కింది, ఆమె అత్త హలీమాబీ ప్రతి నమాజులోనూ ఒకే ఒక్కటి అడిగింది. ఉజ్మా నోటి నుంచి నవ్వు, ఏడుపు తప్ప ఇంకో శబ్దం రాలేదు. పోయినేడు చుట్టాల పెళ్ళిలో బారాత్ పోతుంటే ఆ పిల్ల తల్లి చెయ్యి విడిపించుకొని పోయి, ఆటోట్రాలీ మీద ఉన్న బాస్ డబ్బాకు అరచేతులు ఆనించింది. తర్వాత ఛాతీ ఆనించింది. అక్కడే నిలబడి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. ఆ పూట అఫ్జల్ అన్నం తినలేదు. నా బిడ్డకు శబ్దం ఎక్కడి నుంచి పోతుందో అక్కడి నుంచే పంపిస్తానని అనుకున్నాడు.

సుదర్శన్ ఎగతాళి మానేశాడు. గది ఎంత పెద్దది, డబ్బా ఎక్కడ పెట్టావని అడిగాడు. మగ్గం గుంట మీద బోర్లించానని అఫ్జల్ చెప్పాడు.

"గుంట మీదనా?" సుదర్శన్ చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "నింపలేదా దాన్ని?"

"నింపితె ఏముంటది? అంత బోలు దొరికింది. కింద నుంచి గది మొత్తం ఊగాలె."

గుంట శబ్దాన్ని మింగుతుంది, దానికి రెట్టింపు బలం కావాలి అన్నాడు సుదర్శన్. చివరికి షెల్ఫు అడుగు నుంచి, ఇద్దరు పట్టి ఎత్తాల్సిన నల్లటి ఆంప్లిఫయరు ఒకటి బయటికి లాగాడు.

అఫ్జల్ కొన్న ఇల్లు గద్వాల నేతకారుల వీధిలో ఉంది. ఆ ఇంటి ముందరి గదిలో రామచంద్రయ్య అనే ఆయన చీరలు నేసేవాడు. గుంట మగ్గం అంటే తెలిసిందే: నేసే మనిషి నేల మట్టంలో కూర్చొని, కాళ్ళు గుంటలోకి దించి, అడుగున ఉన్న చెక్కలను ఒకటి మార్చి ఒకటి తొక్కుతాడు. తొక్కినప్పుడల్లా దబ్, దబ్ అని నేలలోంచి శబ్దం వస్తుంది. రామచంద్రయ్య ఆ మగ్గం మీదనే, సగం నేసిన చీర ముందు తల వాల్చి పోయాడు. కొడుకులు పడుగు దారాలు కోసేసి, మగ్గం ఊడదీసి, గుంట మీద నాలుగు షాబాదు బండలు పరిచి ఇల్లు అమ్ముకొని వెళ్ళిపోయారు.

పక్కింటి బాలనాగమ్మ కూడా నేతామెనే. అఫ్జల్ వాళ్ళు సామాన్లు దించిన రోజే వచ్చి చూసి పోయింది. మగ్గం దించిన నాడే గుంటను ఎర్రమట్టితో నింపి పసుపునీళ్ళు చల్లడం వాళ్ళ ఆనవాయితీ. ఆ కొడుకులకు అంత తీరిక లేకపోయింది. "గుంటను ఖాళీగ ఉంచొద్దు బిడ్డా," అంది ఆమె. "ఖాళీ గుంట కాళ్ళనడుగుతది."

అఫ్జల్ సరేనన్నాడు. నింపుదామనే అనుకున్నాడు కూడా. కాని ఒక బండను కాలితో తట్టినప్పుడు కింది నుంచి వచ్చిన బోలు శబ్దం అతని చెవికి తీయగా తగిలింది. బండలు తీసేశాడు. చెక్కలు పరిచి డబ్బాను వాటి మీద బోర్లించాడు. గాలి ఆడాలని, వైర్లు పోవాలని కుడి పక్క జానెడు సందు వదిలాడు. వీధిలోవాళ్ళు చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది వీని పని అని నవ్వుకున్నారు. ఎవరి పిచ్చి వారికి ఆనందం. కోరి కొరివితో తల గోక్కుంటున్నాడని మాత్రం అప్పుడు ఎవరికీ తోచలేదు.

కొత్త ఆంప్లిఫయరు పెట్టిన సాయంత్రం ఆ ఇంట్లో పండగే. అఫ్జల్ మీటను మెల్లగా తిప్పాడు. ముందు కిటికీ రెక్కలు సన్నగా వణికాయి. తర్వాత నేల మేల్కొంది. ఉజ్మా గదిలో అటూ ఇటూ పరుగెత్తి, గోడలు తడిమి, చివరికి డబ్బాకు కుడి పక్కన చతికిలబడి ఆ సందులోకి రెండు కాళ్ళూ దించేసింది. కళ్ళు మూసుకుంది. ఆ ముఖంలో వచ్చిన వెలుగు చూసి షాజియా కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. తన జన్మ సార్థకమైందని అఫ్జల్ అనుకున్నాడు.

అప్పటి నుంచి బడి వదిలితే పిల్ల చోటు అదే. ఎప్పుడూ కుడి పక్కనే. బుజ్జగించి ఎడమ పక్క కూర్చోబెడితే లేచి మళ్ళీ కుడి పక్కకే వచ్చేది. కొన్నాళ్ళకు చేతులు ఆడించడం మొదలుపెట్టింది. కుడిచెయ్యి వెనక్కి లాగి, ఏదో చిన్న వస్తువును విసిరినట్టు ఎడమకు పంపేది. కాసేపు ఆగేది. తిరిగి వచ్చినదాన్ని అందుకున్నట్టు వేళ్ళు ముడిచేది. పాటకు ఆడుతోందని ఇంట్లో అందరూ మురిసిపోయారు. అఫ్జల్ మాత్రం ఒకరోజు గమనించాడు. పాట ఒక నడకలో పోతోంది, పిల్ల చెయ్యి ఇంకో నడకలో పోతోంది. పాట ఆపేశాడు. చెయ్యి ఆగలేదు.

పిల్ల కుడిచేతిని పట్టుకొని చూశాడు. బొటనవేలి మొదట్లో చర్మం గట్టిపడి కాయ కాసి ఉంది. పెన్సిలు పట్టే పిల్లకు అక్కడ కాయ ఎందుకు కాస్తుందో అతనికి అర్థం కాలేదు. మర్నాడు దుకాణం తెరిచే ముందు బాలనాగమ్మ ఇంటికి పోయి ఊరికే అడిగినట్టు అడిగాడు. ఆమె తన కుడిచెయ్యి చాపింది. అదే చోట, అదే కాయ.

ఆమె చెప్పుకొచ్చింది: గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. రెండూ ఒక్క చేతితో నేసేవి కావు. నడిమి భాగం నేసేవాడు నేస్తుంటే, పక్కన ఇంకొకరు కూర్చొని అంచు దారమున్న నాడెను విసిరి అందించాలి. మామూలుగా ఆ పని భార్యదో పిల్లలదో. రామచంద్రయ్యకు ఆ పక్కన కూర్చున్నది ఆయన భార్య లక్ష్మీదేవమ్మ. ఆయన నోరు తెరిచి పిలిచేవాడు కాదు. గుంటలో మడమతో రెండుసార్లు తన్నేవాడు. ఆమె "ఆఁ" అని నాడెను పంపేది. ఆమె పోయినాక ఎవరినీ పక్కన కూర్చోనివ్వలేదు, ఒక్కడే నేస్తానని మొండికేశాడు. ఆ చీరే సగంలో ఆగింది.

"కుడి పక్కనేనా కూసునేది ఆమె?" అని అడిగాడు అఫ్జల్.

బాలనాగమ్మ తల ఊపింది. "ఈ పొద్దే నింపెయ్ బిడ్డా."

నింపాల్సిందే. కాని ఆ మధ్యాహ్నమంతా మోటారు విప్పుతూ అఫ్జల్ వాయిదాలు వెతుక్కున్నాడు. నింపితే ఉజ్మా ముఖంలో ఆ వెలుగు ఆరిపోతుంది. తన బిడ్డకు దొరికిన ఒకే ఒక్క శబ్దాన్ని తన చేతులతో మట్టి పోసి పూడ్చాలి. ముసలామె మాటలు పట్టుకొని అంత పని చేస్తానా అనుకున్నాడు. రేపు చూద్దాం అనుకున్నాడు.

ఆ సాయంత్రం మబ్బు కమ్మింది. మగ్రిబ్ అజాన్ అవుతుండగా వాన మొదలై, గాలికి కరెంటు పోయింది. అఫ్జల్ తడుస్తూ ఇంటికి వచ్చేసరికి వీధంతా చీకటి. షాజియా పెరట్లో ఆరేసిన బట్టలు తీస్తోంది. లోపలి గదిలో హలీమాబీ చాప మీద నమాజు ముగించి, లేవకుండా అట్లాగే కూర్చొని ఉంది. ఆమె రెండు అరచేతులూ నేల మీద ఉన్నాయి.

"అఫ్జల్," అంది గుసగుసగా. "ఆ పాట ఆపు."

"అమ్మీ... కరెంటు లేదు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అప్పుడు అతని చెప్పుల్లేని పాదాలకు తెలిసింది. దబ్... దబ్. ఆగింది. మళ్ళీ దబ్... దబ్. వాన చప్పుడు కింద నుంచి, తడి నేలలోంచి, నిదానంగా, తీరికగా వస్తోంది.

ముందరి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. నెట్టాడు. లోపలి నుంచి ఒక వాసన కొట్టింది. పుల్లటి గంజి వాసన, తడిసిన నూలు వాసన. ఆ ఇంట్లో నూలు ఎక్కడిది? ఆంప్లిఫయరు మీది ఎర్రదీపం ఆరిపోయి ఉంది. వైరు కూడా గోడకు లేదు. పిడుగులకు భయపడి షాజియా పీకేసినట్టుంది, ప్లగ్గు నేల మీద పడి ఉంది.

ఉజ్మా కూర్చొని ఉంది. కుడి పక్కన. కాళ్ళు సందులో.

దబ్... దబ్.

పిల్ల చెయ్యి వెనక్కి పోయింది. ఎడమకు విసిరింది. ఆగింది. అందుకుంది.

అఫ్జల్ ఫోను లైటు వేశాడు. డబ్బా, చెక్కలు, పిల్ల, గోడ మీద పిల్ల నీడ. ఇంకేమీ లేదు. ఎత్తుకుందామని వంగి, పిల్ల ఒడి మీదుగా చెయ్యి చాపాడు. చెయ్యి మధ్యలో ఆగిపోయింది... వేళ్ళకు ఏదో తగిలింది. సన్నగా. బిగువుగా. ఒకటి కాదు... వరసగా, పక్కపక్కనే, లెక్కలేనన్ని దారాలు. వేళ్ళ కింద జివ్వుమంటున్నాయి. లైటు దగ్గరికి తెచ్చి చూశాడు. ఉత్త గాలి. చెయ్యి మళ్ళీ కదిపాడు... దారాలు.

భయం అంటే ఏమిటో అఫ్జల్‌కు అంతవరకు తెలియదు. అయినా తండ్రి కదా. కళ్ళు మూసుకొని, బిస్మిల్లా అంటూ రెండు చేతులూ ఆ దారాల గుండా దూర్చి, పిల్ల చంకల కింద పట్టి లాగాడు. ఉజ్మా గింజుకుంది. అతని మణికట్టు కొరికింది. కింద ఆ చప్పుడు మారింది. దబ్-దబ్. దబ్-దబ్. దబ్-దబ్. ఓపిక అయిపోయిన మనిషి పిలిచినట్టు... డబ్బా చెక్కల మీద ఎగిరెగిరి పడింది. అఫ్జల్ పిల్లను భుజాన వేసుకొని, తల్లిని చేయి పట్టి లేపి, పెరట్లో ఉన్న షాజియాను పిలుచుకొని వానలోనే బాలనాగమ్మ ఇంటికి పరుగెత్తాడు.

తెల్లవారి ట్రాక్టరుతో ఎర్రమట్టి తెప్పించాడు. తనే పారతో లాగి, తనే తొక్కి నింపాడు. బాలనాగమ్మ పసుపునీళ్ళు చల్లింది. హలీమాబీ అదే చోట నిలబడి ఖురాను చదివింది. ఎవరూ ఎవరినీ వద్దనలేదు. గుంట నోరు మూతపడి, మీద బండలు సిమెంటుతో అతికాక అఫ్జల్ చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. నిశ్శబ్దం. లోపలికి పోయే శబ్దం లేదు, వచ్చే శబ్దం లేదు.

"ఎంత మిగిలింది అవ్వా, ఆ చీర?" అని వెళ్ళిపోతున్న బాలనాగమ్మను అడిగాడు.

"సగం."

"అది అయిపోతె?"

ఆమె చేతులకు అంటిన పసుపు కడుక్కొని వెళ్ళిపోయింది.

ఆంప్లిఫయరును, డబ్బాను కొత్తకోటకు తీసుకుపోతే సుదర్శన్ కారణం అడగకుండానే తీసుకున్నాడు. ఉజ్మా మాత్రం తండ్రిని క్షమించలేదు. ముందరి గదిలో సిమెంటు అతుకులను గోళ్ళతో గీకింది, వేళ్ళ నుంచి రక్తాలు కారాయి. అతను దగ్గరికి వస్తే ముఖం గోడకు తిప్పుకునేది. అఫ్జల్ తనను తాను తిట్టుకునేవాడు. ఇచ్చింది తనే, లాక్కున్నదీ తనే. పోనీ, బిడ్డ దక్కింది, అదే పదివేలు అని షాజియా సముదాయించేది. కొన్నాళ్ళకు పిల్ల గీకడం మానింది. అన్నం తింది. బడికి పోయింది. బొటనవేలి కాయ మెత్తబడింది. ఇంట్లో వాళ్ళు మెల్లగా ఊపిరి పీల్చుకున్నారు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం, జుమ్మా నమాజు చేసుకొని అఫ్జల్ ఇంటికి వచ్చాడు. మంచి ఎండ. వంటింట్లో షాజియా రొట్టెలకు పిండి పిసుకుతోంది. ఉజ్మా లోపలి గదిలో నవారు మంచం మీద కూర్చొని బొమ్మలు వేసుకుంటోంది. కాళ్ళు మంచం మీదే ముడుచుకొని ఉంది. నేలకు ఎక్కడా తగలడం లేదు. అఫ్జల్ గడపలో నిలబడి కూతురిని చూసి నవ్వాడు. పిల్ల కూడా ఎన్నాళ్ళకో చిన్నగా నవ్వింది. అతనికి కళ్ళు తడిశాయి.

అప్పుడు ఉజ్మా తల తిప్పింది.

ఎవరో పక్క నుంచి పిలిస్తే తిప్పినట్టు, చటుక్కున, ఎడమకు. అటు గోడ తప్ప ఏమీ లేదు. పుట్టినప్పటి నుంచి ఆ పిల్ల శబ్దానికి తల తిప్పడం అఫ్జల్ ఎరగడు. అతనికి ఏ శబ్దమూ వినపడలేదు. పెన్సిలు పక్కన పెట్టి, పిల్ల కుడిచెయ్యి వెనక్కి లాగింది.

"ఆఁ," అంది.

స్పష్టంగా. తేటగా. పెద్ద మనిషిలా.

వంటింట్లో గిన్నె కింద పడింది. షాజియా పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. "మాట్లాడింది! బిడ్డ మాట్లాడింది, విన్నారా?" అంటూ అఫ్జల్ చొక్కా పట్టుకొని ఊపింది. హలీమాబీ నడవాలో చేతులు ఆకాశానికి ఎత్తి అల్లాకు శుక్రియా చెప్పుకుంటూ ఏడుస్తోంది. ఇన్నేళ్ళ దువా ఫలించిన ఇల్లు అది. షాజియా మంచం ముందు మోకాళ్ళ మీద కూలబడి, నవ్వుతూ, ఏడుస్తూ, ఉజ్మా, ఉజ్మా అని పిలిచింది.

ఉజ్మా తల్లిని చూడలేదు. తల్లి గొంతు ఆ పిల్లకు అందలేదు. అఫ్జల్ పిలిచాడు. గట్టిగా పిలిచాడు. అందలేదు.

పిల్ల మళ్ళీ ఎడమకు తిరిగి, అవతల నుంచి వచ్చినదాన్ని వేళ్ళతో అందుకొని, "ఆఁ" అంది.